మొగిలి అడ్డంగా కూర్చున్న రోజు

2022 చలికాలం. పాలకుర్తి వైపు ఊరికి దూరంగా ఒక బోడ గుట్ట ఉంది. నలభై అడుగుల నిట్టనిలువు బండ, పైన నలుగురు నిలబడేంత చదును. గుట్టలెక్కించే వాళ్లకు, తాడు మీద దించే వాళ్లకు అక్కడ పరీక్ష పెడుతుండేవాడిని. మా భాషలో దాన్ని లీడర్ అసెస్‌మెంట్ అంటాం.

ఈ పనికి కూడా పరీక్షలుంటాయా అని సుబేదారిలో మా పక్కింటివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. ఉంటాయి. బేసిక్ కోర్సు, అడ్వాన్స్ కోర్సు, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్, ఎవరిని ఎన్ని రోజులు ఎక్కడికి తీసుకెళ్లాడో రాసుకున్న లాగ్‌బుక్. ఇవన్నీ ఉన్నవాడికే చివరి పరీక్ష. అందులో మేం చూసేది వాడు ఎంత బాగా ఎక్కుతాడని కాదు. వాడి వెంట వచ్చినవాళ్లు ఇంటికి క్షేమంగా చేరతారా అని.

నా సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఏళ్లు ఈ పనిలో ఉన్నాక మనిషి మామూలుగా ఉండడు. ఇంట్లోంచి బయల్దేరితే గ్యాస్ మూడుసార్లు చూస్తాను, తాళం రెండుసార్లు లాగుతాను. పెళ్లికి పోతే పందిరి గుంజల ముడులు చూస్తాను. "ఈయనను సినిమాకు తీస్కపోవద్దు, బయటికి పోయే తలుపులు లెక్కవెట్టుకుంట కూసుంటడు" అని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పింది. అంత జాగ్రత్త మనిషిననే పేరు నాకు లోపల గర్వంగానే ఉండేది.

ఆ చలికాలం పరీక్షకు ముందు సాధనకొచ్చిన బ్యాచ్‌లో మొగిలి ఉన్నాడు. వర్ధన్నపేట దగ్గరి పల్లె, ముప్పై అయిదేళ్లుంటాయి, కల్లు గీసే మనిషి. పదిహేనేళ్లు తాటిచెట్లు ఎక్కినవాడికి మా బండ ఒక లెక్కా? మిగతావాళ్లు వేళ్లతో వెతుక్కునే చోట అతను నడిచిపోయేవాడు. అతని పల్లెలో చెట్లు తగ్గిపోతున్నాయి. ఒక అడ్వెంచర్ క్యాంపు యజమాని, వేసవి సెలవులలోపు సర్టిఫికెట్ తెస్తే నెల జీతం మీద పెట్టుకుంటానన్నాడు. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ కాగితం మీదే ఉందని మొదటిరోజే చెప్పాడు.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు ఒక్కదగ్గర ఆగిపోయేవాడు. అది బడ్డీ చెక్. దిగే ముందు ఒకరి సామాను ఇంకొకరు చేత్తో ముట్టి, లాగి, సరిగా ఉందో లేదో నోటితో పైకి చెప్పాలి. నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీల హార్నెస్, దాన్ని తాడుకు కలిపే ఇనుప కొక్కెం కారాబినర్, రెండూ. మొగిలి హార్నెస్ మీద ఎవరైనా చెయ్యి వేయబోతే ఒళ్లు ముడుచుకుని పక్కకు జరిగేవాడు. అతనూ ఎవరిదీ ముట్టేవాడు కాదు, కింది నుంచి పైకి ఒక చూపు చూసి తలూపేవాడు.

"మా మోకు పరాయోళ్లను ముట్టనియ్యం సార్" అన్నాడు అడిగితే. మోకు అంటే చెట్టెక్కేటప్పుడు నడుము చుట్టూ వేసుకునే తాడు. "మోకు కట్టుకునేటోన్ని పలకరియ్యద్దు గూడ. మనసు చెదురుతదంటరు."

ఇక్కడ చెట్లు లేవు, ముట్టాలి, మాట్లాడాలి అని గట్టిగానే చెప్పాను. సరే సార్ అన్నాడు.

పరీక్ష రోజు మా పద్ధతి ఏమిటంటే, నేనే ఏమీ తెలియని టూరిస్టులా వస్తాను. నా సామానులో కావాలనే ఒక తప్పు పెట్టుకుంటాను. లీడర్ దాన్ని పట్టుకోవాలి. ఆ రోజు కారాబినర్ మూతకు ఉండే మర బిగించకుండా వదిలేశాను. ప్రమాదమేమీ లేకుండా నా హార్నెస్‌కే రెండో తాడు కట్టి ఉంటుంది, దాన్ని నా అసిస్టెంట్ ఇంకో యాంకర్ నుంచి పట్టుకుని ఉంటాడు. యాంకర్ అంటే తాళ్లన్నీ బండకు బిగించే చోటు.

నేను వెళ్లి మొగిలి ముందు నిలబడ్డాను. పైనుంచి కిందికి చూశాడు. అతని చూపు నా నడుము దగ్గర ఆగింది. పెదవి కదిలింది కానీ మాట రాలేదు. చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. నేను తొందరపడే టూరిస్టులా అంచు వైపు వెనక్కి రెండడుగులు వేశాను. అప్పుడు మొగిలి నన్ను చుట్టి వచ్చి, సరిగ్గా నా మడమ పడాల్సిన చోట అంచుకు అడ్డంగా చతికిలబడ్డాడు.

నాకు చిరాకు ముంచుకొచ్చింది. లేవమన్నాను. లేవలేదు. తప్పు కనబడితే నోటితో చెప్పాలి కదా, ఇదేం పద్ధతి అన్నాను. గడ్డంతో నా నడుము వైపు చూపించాడు.

"కారాబినరేనా?" అన్నాను, నేను పెట్టిన తప్పును పట్టాడులే అని.

"అది గూడ ఉన్నది సార్," అన్నాడు మెల్లగా. "గని నడుం పట్టి సూడుండ్రి. బకిల్ల మల్ల ఎనుకకు తియ్యలే."

చూసుకున్నాను. నాది పాత రకం హార్నెస్. దాని నడుము పట్టీని బకిల్‌లో ఒకసారి దూర్చి, మళ్లీ వెనక్కి మలిచి రెండోసారి దూర్చాలి. మలచకపోతే బరువు పడగానే జారిపోవచ్చు. కొత్తవి కొనుక్కోమని అందరూ అంటున్నా, పాతది నాకు అచ్చొచ్చిందని పట్టుకు వేలాడుతున్నాను. ఆ ఉదయం కారాబినర్ తప్పును ముచ్చటగా అమర్చుకునే ధ్యాసలో పట్టీ ఒక్కసారే దూర్చి వదిలేశాను. అది నేను పెట్టిన తప్పు కాదు, చేసిన తప్పు. నా రెండో తాడు కూడా ఆ హార్నెస్‌కే కట్టి ఉంది. పట్టీ జారితే ఏ తాడూ నన్ను పట్టదు.

అక్కడే కూర్చుని పట్టీని వెనక్కి మలిచి రెండోసారి దూర్చాను. నన్నెవరూ చెక్ చేయలేదు. పరీక్ష పెట్టే సారును ఎవరు చెక్ చేస్తారు? చెప్పేటందుకే నీతులు.

కిందికి వచ్చాక అసెస్‌మెంట్ షీట్ ముందు పెట్టుకున్నాను. "మీ పానం కాపాడిండు సార్, పాస్ చెయ్యుండ్రి" అన్నాడు అసిస్టెంట్. నా మనసూ అదే అంది. కానీ షీటులో అడిగింది వేరు. ముట్టాడా? లేదు. నోటితో చెప్పాడా? లేదు. రేపు క్యాంపులో పదిమంది పిల్లలను దించేటప్పుడు, అవతలి చివర ఒక పిల్ల పట్టీ వదులుగా ఉంటే ఇతను పోయి అడ్డంగా కూర్చునేలోపు ఏమవుతుంది? ఆ ఆలోచన వచ్చాక చెయ్యి పాస్ వైపు కదల్లేదు. 'ఇంకా సిద్ధంగా లేడు' అని రాశాను. రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

మొగిలి వాదించలేదు. బండ నీడలో కూర్చుని, బూట్ల వైపు చూస్తూ చెప్పాడు.

"మా నాయిన మోకు గూడ గట్లనే సూసిన సార్. ఒక్కదగ్గర పీసు లేసి ఉన్నది. కట్టుకుంటాండు గదా, పలకరియ్యద్దని ఊకున్న. సగం దాక పొయి పడ్డడు. నడుం ఇరిగింది. ఇప్పటికి మంచంలనే ఉన్నడు." బూటు లేసు విప్పాడు. "ఇయ్యాల గూడ నోరు రాలే సార్. గందుకే అడ్డం కూసున్న."

ఆ రాత్రి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మా ఆవిడ ఏమైందని అడిగింది. చెప్పాను. "ఆయన తప్పు రాసినవు. మరి నీది రాసినవా?" అంది.

రాయలేదు. పొద్దున్నే కూర్చుని రాశాను, నా బకిల్ సంగతి ఉన్నదున్నట్టు. అది చదివి సర్టిఫికెట్లిచ్చే సంస్థవాళ్లు నా అసెస్సర్ హోదా, అంటే పరీక్ష పెట్టే హక్కు, ఆపేశారు. మళ్లీ పరీక్షలో నెగ్గాకే ఇస్తామన్నారు. ఒకే రోజు, ఒకే బండ మీద ఇద్దరం ఫెయిలయ్యాం. తేడా ఏమిటంటే నాకు పోయింది పరువు, మొగిలికి పోయింది వేసవి ఉద్యోగం. అతను మళ్లీ తాటిచెట్లెక్కాడు. ఆ ఎండాకాలమంతా ఫోన్ మోగితే చాలు, మొగిలి చెట్టు మీంచి పడ్డాడని వినాల్సి వస్తుందేమోనని భయపడేవాడిని.

మరుసటి చలికాలం అదే గుట్ట మీద ఇద్దరం అభ్యర్థులుగా నిలబడ్డాం. పరీక్ష పెట్టడానికి వేరే ఊరి నుంచి వచ్చిన మేడం మమ్మల్ని జంటగా వేసింది. నేను కొత్త హార్నెస్ కొన్నాను. మొగిలి నా ముందుకొచ్చి, రెండు చేతులతో నా నడుము పట్టీ పట్టి గుంజాడు. "బకిల్ మంచిగున్నది. కారాబినర్ మర బిగిచ్చి ఉన్నది" అని గుట్ట కిందికి వినబడేట్టు చెప్పాడు.

ఇదెక్కడ నేర్చావని అడిగాను. తాటివనంలోనేనట. తోటివాళ్ల మోకులు ముట్టి చూడడం మొదలుపెట్టాడట. "మొదట్ల బాగ తిట్టిండ్రు సార్. ఇప్పుడు ఆళ్లే తెచ్చి సూపిస్తాండ్రు."

ఇరవై ఏళ్లు నేను చూడడమే జాగ్రత్త అనుకున్నాను. చూసింది చెప్పడానికి నోరు కావాలని మొగిలి దగ్గర తెలిసింది. మన తప్పును ఇంకొకరు ముట్టి చూసేలా నిలబడడానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలని నా దగ్గరే తెలిసింది.

ఆ తర్వాత వంతు నాది. మొగిలి చేతులు పక్కలకు చాపి నిలబడ్డాడు. ఒళ్లు కొంచెం బిగుసుకుంది కానీ పక్కకు జరగలేదు. నేను జంకుతూ అతని పట్టీ మీద వేళ్లు ఆనించాను.

"ఊకె ముట్టుడు గాదు సార్," అన్నాడు. "గట్టిగ గుంజి సూడుండ్రి."