చిన్న వాటా ముందు మాట్లాడాల

మా సారు పోయారన్న సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. చెప్పింది ఆళ్లగడ్డ విత్తనాల ప్లాంటు యజమాని. "మేడం, సార్ పోయినాడు. పొద్దన్నే గుండెనొప్పంట" అన్నాడు. "సరే అన్నా" అన్నాను. ఫోన్ పెట్టేసి, ఎదురుగా కూర్చున్న రైతుకు జిరాక్సు ఎక్కడ తీయించుకోవాలో చెప్పాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

సారు అప్పట్లో నంద్యాలలో ఓ పెద్ద బ్యాంకు మేనేజరు. నేను ఆళ్లగడ్డలో ఓ చిన్న బ్యాంకు మేనేజరును. మమ్మల్ని కలిపింది ఆ ప్లాంటు అప్పు. బ్యాంకు పని తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. అంత పెద్ద అప్పు ఒక్క బ్యాంకే ఇస్తే, మునిగిననాడు ఒక్కటే మునుగుతుంది. అందుకని నాలుగు బ్యాంకులు వాటాలు వేసుకున్నాయి. పత్రాలు ఒకటే, తాకట్టు ఒకటే, వసూలైనది ఎవరి వాటా కొద్దీ వారికి. అందరి తరఫునా ముందు నడిచేది ఆయన బ్యాంకు. కొత్తలో నాకిది తలకెక్కకపోతే ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. "బండ బరువైతే ఇంగో కాడి కడతాం గదమ్మా, అంతే. ఎద్దులన్నీ ఒకే పక్కకు లాగాల. ఆడుండాది కష్టం."

నలుగురు మేనేజర్లం ఆయన బ్రాంచి మేడమీద గదిలో కలిసేవాళ్లం. ముందు ఉగ్గాని, బజ్జీ రావాలి. తినేదాకా ఫైళ్లు తెరవనిచ్చేవారు కాదు. బజ్జీలో మిరపకాయ తీసి పక్కనపెట్టి పిండి మాత్రం తినేవారు. నంద్యాల మనిషికి ఇంతకన్నా సిగ్గుచేటుందా అని మేం ఏడిపించేవాళ్లం.

ఆయన పెట్టిన కట్టడి ఒకటుంది. అందరికన్నా చిన్న వాటా ఉన్నవాళ్లు ముందు మాట్లాడాలి. "పెద్దోల్లు చెప్పినాక చిన్నోల్లు తలూపేదే గదా. ఇంగ వాళ్లను పిలిచేదెందుకు?" అనేవారు. ఆ చిన్న వాటా నాది.

ఒక ఏడు వానలు పట్టలేదు. విత్తనాలు గోదాములోనే ఉండిపోయాయి, కంతులు ఆగాయి. అప్పంతా ఒక్కసారే కట్టమని నోటీసు ఇద్దామని రెండో పెద్ద వాటా ఉన్న మేనేజరు ముందే తేల్చుకుని వచ్చాడు. ఇస్తే ప్లాంటు మూతపడుతుంది. అక్కడ గింజలు ఏరే ఆడవాళ్లంతా కూలి డబ్బులకు నా బ్రాంచి కిటికీ దగ్గర నిలబడేవాళ్లే. సారు ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా" అన్నారు.

"గోదాముకు పోయి విత్తనాలు చూసొచ్చినా సార్. మొలక బాగుండాది. ఇంగో పంట కారు చూద్దాం. మేం ఆగుతాం. మా పైవాళ్లను నేను ఒప్పించుకుంటా."

"మీ వాటా ఎంతని మేడం, ఆగుతామంటాండారు?" అన్నాడు రెండో వాటా ఆయన.

"వాటా చిన్నదైనా మునిగేది అదే నీళ్లలో గదప్పా. చెప్పనీ" అన్నారు సారు.

నా తర్వాతి వాటా ఆయన కూడా ఆగుదామన్నాడు. నోటీసు ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. అందరికన్నా పెద్ద వాటా సారుది, కాబట్టి చివర మాట్లాడారు. "అయితే ఆగుదాం." మరుసటి కారుకు విత్తనాలు కదిలాయి. ప్లాంటు నిలబడింది. ఆ రోజు పెద్దవాళ్లు ముందు మాట్లాడి ఉంటే నేను తలూపి బస్సెక్కేదాన్ని. నాకు నోరొచ్చింది ఆయన వల్లే.

రిటైరయ్యాక అప్పుడప్పుడు ఆళ్లగడ్డ వచ్చి, నా కేబిన్‌లోకి రాకుండా ఖాతాదారుల బల్లమీద కూర్చునేవారు. "ఏం చేస్తాండావమ్మా? మాట్లాడతాండావా, తలూపుతాండావా?"

నంద్యాలలో వాళ్లింటి ముందు షామియానా వేసి సారును పడుకోబెట్టారు. గింజలేరే ఆడవాళ్లు వచ్చారు. ఎప్పుడో బదిలీ అయిన నోటీసు ఆయనా వచ్చాడు. సార్ గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండని సారు కొడుకు అడిగాడు. నోటీసు ఆయనే నా వైపు తిరిగి, మెల్లగా, "మేడం, ముందు మీరే" అన్నాడు.

లేచాను. అలవాటు కొద్దీ సారు వైపు చూశాను, "నువ్వు చెప్పమ్మా" అంటారని.