కాక బొక్కలకు కట్టిన దారాలు

నాకు నోరు ఎక్కువ, చదువు తక్కువ. ఆరో తరగతిల సారు మీద పాట కట్టి పాడితే బడి బయట నిలబెట్టిండ్రు. నిలబడి నిలబడి కాళ్లు నొచ్చి అటే సూరత్‌కు వచ్చిన. సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడుపుడు ఒక డ్యూటీ, పక్కోన్ని నవ్విచ్చుడు ఇంకో డ్యూటీ. రెండో దానికి జీతం లేకున్నా దాన్నే మంచిగ చేసేటోన్ని.

కోసాడ్ క్వార్టర్లల్ల నలుగురం ఒక ఖోలీల ఉండేది. అండ్ల పెద్దమనిషి కాక. సొంత కాక కాదు. ప్రాణహిత ఒడ్డు మనిషి, ఖటోదరా దిక్కు నాతోటే సాంచాల కార్ఖానాల చేసేటోడు. రాసుడు రాదు, బ్యాంకుల వేలిముద్రే.

మొదటి లాక్‌డౌన్ల సాంచాలు బందైతే అందరం ఊర్లకు పోయినం. తిరిగి వచ్చేటప్పుడు మేం బియ్యం, కారం, తొక్కు తెచ్చుకుంటే కాక రేకు సందుగ నిండ రాళ్లు తెచ్చిండు. స్టేషన్ల ఒక దిక్కు పట్టి మోసింది నేనే.

"ఏందే కాక, సూరత్‌ల రాళ్లు కరువైనయా?"

"రాళ్లు కాదురా, బొక్కలు. రాకాసి బొక్కలు."

రాయైపోయిన ఆ ఎముకలను చిన్నప్పుడు మేకలు కాసినప్పటి సంది ఏరుతుండట. లాక్‌డౌన్ల మళ్ల మేకల ఎంబడి తిరిగి ఇంకిన్ని ఏరిండు. ఒక తుంట తీసి నాలుకకు ఆనిచ్చిండు. అది అతుక్కున్నది. మామూలు రాయి అతుకదట. ఊరు ఊరంత మూతికి గుడ్డ కట్టుకొని తలుపు గొళ్లెం ముట్టాలన్నా భయపడుతుంటే ఈన రాళ్లు నాకుతుండు! "నీ నాలుక చూసి కరోనాయే మాస్కు పెట్టుకుంటది కాక" అన్న. ఆయన కూడా నవ్విండు.

నవ్వి, మెల్లగ చెప్పిండు. ఊర్లె నలభై ఏండ్ల సంది ఆయనను "బొక్కలోడా" అనే పిలుస్తరట. "చదువుకున్నోళ్లు ఎవలన్న వచ్చి, జాగ చూసి, ఔ ఇవి బొక్కలే అంటే చాలురా. ఇంకేమొద్దు."

తరువాతి ఏడు టీకా వేసే కాడ ఒక తెలుగు డాక్టరమ్మ కలిసింది. కాక సంచిల నుంచి ఒక తుంట తీసి చూపెడితే, రాళ్ల చదువు చెప్పే తన దోస్తు నంబరిచ్చింది. ఆ మేడంతోని ఫోన్ కలిపింది నేనే.

"నెలాఖరుకి వీడియోలో అన్నీ చూస్తాను పెద్దాయనా. ఏది ఎక్కడ దొరికిందో గుర్తుందా? అదే ముఖ్యం."

"అన్నిటికి గుర్తున్నది బిడ్డా" అన్నడు కాక, మస్తు ధీమాగ.

ఈ మాట నేను పక్కనే ఉండి విన్న.

వారానికి కాకకు జ్వరమొచ్చింది, పరీక్షల పాజిటివ్ అన్నరు. పక్క బిల్డింగుల ఖాళీ ఖోలీల ఉంచి గడప కాడ అన్నం పెట్టి వచ్చేటోళ్లం. కార్ఖానా ఒక్క షిఫ్టే నడుస్తుండె, నాకు పని లేదు. సందుగ తెరిచిన.

ఒక్కో తుంటకు పాత దారం చుట్టి, ముడులేసి ఉన్నది. కొన్నిటికి ఎర్రది, కొన్నిటికి పచ్చది, కొన్నిటికి రెండు రంగులు. అన్ని మురికి పట్టి దిష్టితాళ్ల లెక్క ఉన్నయి. సాంచ కాడ పొద్దంత దారం కత్తిరించే చెయ్యి, ముడి కనపడితే ఊకుంటదా? అన్ని తెంపిన. బకెట్ల వేసి కడిగిన. చాదర్ మీద వరుసగ పేర్చి చీటీలు అంటిచ్చిన: "మా మేనమామ మోకాలు". "అత్త దవడ, ఇంక ఆడుతనే ఉన్నది". "సేఠ్ వెన్నుబొక్క, దొరుకుడు కష్టం". తతిమ్మ ఇద్దరు పొట్ట పట్టుకొని నవ్విండ్రు. నా అంత తెలివిగల్లోడు సూరత్‌ల లేడనుకున్న.

కాక బాగై వచ్చిండు. చీటీలు నేనే చదివి వినిపిచ్చిన. మొదటి రెండిటికి నవ్విండు. మూడోది చదువుతుంటే అడ్డం వచ్చిండు.

"దారాలేవిరా?"

"పారేసిన. బొక్కలకు మొలతాడెందుకే కాక?"

ఆయన గోడకు ఆనుకొని కూసున్నడు.

"ఎర్రది వాగుది. పచ్చది గుట్ట కిందిది. ముడులు... ఏ గుంతల ఏది దొరికిందో ముడులతోని..." ఆగిండు. "నాకు రాసుడు రాదు గదరా."

అంతే. తిట్టలే. తిడితే మాటకు మాట అనేటోన్ని, బతికిపోయేటోన్ని. కింద చెత్తడబ్బా కాడికి ఉరికిన. కచరా బండి ఎత్తుకపోయి నాలుగు రోజులైంది.

వీడియో రోజు వచ్చింది. "విరిగిన అంచు దగ్గరగా పెట్టండి" అన్నది మేడం. "ఆ చిన్న చిన్న బెజ్జాలు చూశారా, ఎండిన రొట్టె ముక్కలాగా? ఇది ఎముకే పెద్దాయనా. చాలా పెద్ద జంతువుది. డైనోసార్‌ది కావచ్చు."

కాక మొకం అట్ల వెలుగంగ నేను మళ్ల చూడలే.

"ఇది ఎక్కడిది? ఆ పక్క ముక్కతో కలిసే దొరికిందా?"

కాక తుంటను తిప్పి తిప్పి చూసిండు. బొటనవేలు దారం ఉండే కాడికి పోయి తడిమింది. నా దిక్కు చూడలే.

"యాదికి లేదమ్మా. ముసలోన్ని."

జాగ తెల్వకుంటే ఎముక అని మాత్రమే చెప్పగలమని, ఇంక ముందుకు పోలేమని, మనుషులను పంపుడు కష్టమని ఆమె నిమ్మళంగ చెప్పింది. ఫోన్ పట్టుకున్నది నేనే. కెమెరా కాక దిక్కు ఉన్నది గాబట్టి నా మొకం ఆమెకు కనపడలే.

రెండు రోజులు ఆగి నేనే ఫోన్ చేసి చెప్పిన, దారాలు తెంపింది నేనని. ఆమె నవ్వింది. నేను చెప్పిన తీరు అట్లుండె, నాకు ఇంకో తీరు రాదు. "నిజమే మేడం" అన్న. నవ్వు ఆగింది. "ఆయన కచ్చితంగా గుర్తుపట్టేవి ఉంటే రాసి పంపండి. అనుమానం ఉంటే వద్దు" అని పెట్టేసింది.

రాసి పంపినం. ఎవలూ రాలేదు, చాలవన్నరు. అది తరువాతి ముచ్చట. నాకు యాదికి వచ్చేది ఆ రాసిన దినమే. యాభైకి పైన తుంటలు. కాక ఒక్కోటి చేతిలకు తీసుకొని, బరువు చూసి, పక్కకు పెడుతుండు. పొద్దుగాల నుంచి పగటాల్ల దాక రాసింది నాలుగే. నాకు ఓపిక పోయింది.

"వాగుది అని రాస్త తియ్యి కాక. ఆమెకేం ఎరుక?"

"నాకెరుక గదరా" అన్నడు.

పిడికిలంత తుంట ఇంకోటి తీసిండు. దాన్ని శానాసేపు పట్టుకున్నడు. "వాగు..." అనబోయి ఆగిండు. నేను పెన్ను కాయితానికి ఆనిచ్చిన.

"రాయకు" అన్నడు.