సర్దారు తట్టిన గుంజ

గోదావరిఖనిలో స్తెఫనును భోజనానికి పిలిచేవాళ్ళు ముందే మనసు గట్టి చేసుకుని పిలుస్తారు. ఆయన గడప దగ్గర ఆగి, తల ఎత్తి, చేతికర్రతో ఇంటి కప్పును తట్టి చూశాకే లోపలికొస్తాడు. భూగర్భ గనిలో మైనింగ్ సర్దారుగా చేసి రిటైరైన మనిషి. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికన్నా ముందుగా లోపలికెళ్ళి రూఫును కర్రతో తట్టడం సర్దారు పని. ఖంగుమంటే మనుషుల్ని రానిస్తాడు, డప్పులా మోగితే ఆపేస్తాడు. డ్యూటీ అయిపోయింది కానీ అలవాటు పోలేదు. మేనకోడలి పెళ్ళిలో షామియానా గుంజల్ని వరసగా తట్టి, ఒకటి నచ్చక, పెళ్ళికొడుకు తరఫువాళ్ళను కంచాలతో సహా అవతలికి జరిపించాడు.

“దేవుడు పరలోకంలకు పిలిచినా, తట్టి చూసినంకనే లోపలికి పోతడు,” అంటుంది భార్య సుగుణమణి.

వాళ్ళ కూతురు ఎవాంజెలిన్ నర్సు. కర్ణాటక పడమటి తీరాన, అఘనాశిని నది సముద్రంలో కలవబోయే చోట, హొళెబైలు అనే చిన్న ఊరి దవాఖానలో పని చేస్తోంది. ఒప్పందం గడువు ముగియవచ్చింది. ఉంటానంటే ఇంకా ఉంచుకుంటామన్నారు. ఆమెకు ఉండాలనే ఉంది. తండ్రికేమో ఆ అడవి, ఆ నీళ్ళు, ఆ దూరం ఏవీ మింగుడుపడలేదు. ఫోనులో తెగలేదు. వచ్చి చూసి చెప్తానన్నాడు. వద్దనడానికి ఒక కారణం వెతుక్కోవడానికే వెళ్తున్నాడని సుగుణమణికి రైలెక్కినప్పుడే తెలుసు.

రైళ్ళు మారి, బస్సులో ఘాట్ రోడ్డు దిగి, చివరికి పడవెక్కారు. రెండు వైపులా మడచెట్లు బురదలో వేళ్ళు ఊనుకుని నిలబడ్డాయి. వాటి వెనుక కొండలు. ఓపెన్‌కాస్టు గనులు తవ్విపోసిన మట్టిగుట్టలకు అలవాటు పడ్డ స్తెఫనుకు, చిటికెడు మట్టి కూడా కనిపించకుండా చెట్లు కప్పేసిన కొండలను చూస్తే అనుమానమే కలిగింది. ముక్కు మీద ఇంకో ముక్కు మోస్తున్నట్టున్న పెద్ద పక్షి ఒకటి రెక్కలు రపరప కొట్టుకుంటూ నెత్తి మీదుగా పోయింది. ఇక్కడ పులులుంటాయా అని సుగుణమణి సైగలతో అడిగితే, పడవవాడు నవ్వి, పులి కాదు చిరుత అని అంతే హుషారుగా సైగ చేశాడు. స్తెఫనుకు ఒక కారణం దొరికింది. ఇంకొకటి ఉంటే బాగుండుననుకున్నాడు.

ఎవాంజెలిన్ ఉండేది హొన్నమ్మ అనే ముసలామె ఇంట్లో. ఎర్రరాతి గోడలు, పెంకుల కప్పు, ముందు చెక్క గుంజల వరండా. హొన్నమ్మ చేపలు తోముతూనే నవ్వుతూ కన్నడంలో పలకరించింది. ఎవాంజెలిన్ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. స్తెఫను కర్ర తీశాడు.

మొదటి గుంజ ఖంగుమంది. రెండోదీ అంతే. మూలనున్నది మాత్రం డప్పులా మోగింది. మళ్ళీ తట్టాడు. అదే మోత. దాని మీద ఆనిన దూలం నేరుగా కూతురి గది మీదికి పోతోంది.

“అందరు బయటికి రాండ్రి. జల్ది.”

గనిలో ఎంతోమందిని పరుగెత్తించిన గొంతు అది. హొన్నమ్మకు తెలుగు ఒక్క ముక్క రాదు. కానీ చేపల గిన్నె వదిలేసి, బయటికి కాకుండా లోపలికి పరుగెత్తింది. ఎవాంజెలిన్ చెయ్యి పట్టుకుని, చాయ్ గంటెతో సహా వాకిట్లోకి లాక్కొచ్చి, ఆమెను తన వెనక్కి నెట్టుకుని నిలబడింది. ఆ గుంజ కిందే నిలబడిపోయిన సుగుణమణిని ఎవరూ పట్టించుకోలేదు. ఆమే నడిచి వచ్చింది.

స్తెఫను అప్పటికే పనిలో దిగిపోయాడు. పక్కన పడున్న పాత పడవ దుంగను దూలం కింద నిలబెట్టి, రాయితో కొట్టి బిగించసాగాడు. రెండు దెబ్బలకు మూలగుంజ పైనున్న చిన్న బొక్కలోంచి దోమలంత నల్లటి ఈగలు బిలబిలమంటూ వచ్చి ఆయన జుట్టులో, మీసాల్లో, చెవుల్లో దూరాయి. ఆయన రాయి అక్కడే పారేసి రేవు మెట్ల వైపు పరుగు తీశాడు. హొన్నమ్మ వాకిట్లో కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

“అవి కుట్టయి డాడీ, వెంట్రుకలల్ల చిక్కుకుంటయి అంతే,” అంది ఎవాంజెలిన్, తండ్రి తల దులుపుతూ. హొన్నమ్మ అత్తగారి కాలం నుంచీ ఆ గుంజలో ఈ కుట్టని జాతి తేనెటీగలు కాపురమున్నాయట. లోపల సన్నటి తొర్ర, చుట్టూ రాయిలాంటి కలప. ఏడాదికోసారి కాస్త తేనె తీసి, దగ్గొచ్చినవాళ్ళకిస్తారట.

భోజనానికి కూర్చున్నారు. ఎర్రటి పుల్లటి చేపల పులుసు. సుగుణమణి ఆగలేక, ఇన్నేండ్ల సర్దారీల ఈగల చేతుల ఓడిపోయినవ్ గదయ్యా అంది. ఆయన ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ఎవాంజెలిన్ ఇక ఉండబట్టలేక అడిగేసింది. “చెప్పు డాడీ. సామాను సదురుకోవాల్నా?”

స్తెఫను చెయ్యి కడుక్కోకుండానే హొన్నమ్మ వైపు చూశాడు.

“కప్పు కూలుతదని మొత్తుకుంటె మనుషులు ఎటు ఉరుకుతరో నేను శానా చూసిన బిడ్డ. ఎక్కువమంది వాళ్ళ పాణం పట్టుకుని బయటికి ఉరుకుతరు. లోపలికి ఉరికేటోళ్ళు తక్కువ. ఈమె నీ కోసం లోపలికి ఉరికింది. నాకు గంతే చాలు. ఉండు.”

“మరి నేను గుంజ కిందనే ఉన్న గదా. నన్నెవరు గుంజుకచ్చిన్రు?” అంది సుగుణమణి.

“నువ్వు ఉన్నంక కప్పుకు కూలే ధైర్యం యాడిది?”

ఎవాంజెలిన్ నవ్వుతూనే లేచి, ఉంటానని దవాఖానవాళ్ళకు చెప్పడానికి సిగ్నల్ అందే రేవు మెట్ల మీదికి ఫోను పట్టుకుని వెళ్ళింది. ఏం తేలిందని హొన్నమ్మ ఎవరినీ అడగలేదు. చేపముక్కల్లో పెద్దది ఏరి స్తెఫను కంచంలో వేసింది.