ఈత నంద్యాలలో, పరుగు ఆళ్ళగడ్డలో

నాకు అలసట కొత్తగా వచ్చింది కాదు. మా అత్త మంచాన పడిన నాటి నుంచి పోయిన నాటి వరకు, ఏళ్ళ తరబడి, ఆమెను లేపడం, కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, తినిపించడం, మళ్ళీ పడుకోబెట్టడం నా పని. పొద్దున అదంతా ముగించుకుని నంద్యాలలో బస్సెక్కి, కోయిలకుంట్ల బడికి పోయి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రం తిరిగొచ్చి మళ్ళీ మొదలు. మా ఆయనకు సున్నిపెంటలో డ్యామ్ దగ్గర ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం పోతాడు. మంచివాడే. వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ పక్కన కూర్చుని బైబిలు చదివి వినిపించేవాడు. చదివి వినిపిస్తే నడుము నొప్పి రాదు కదా. ఈ మాట నేను పైకి ఎప్పుడూ అనలేదు.

అత్త పోయాక చూడవచ్చిన వాళ్ళందరూ "ఇంక నీకు విశ్రాంతమ్మా" అన్నారు. ఆ విశ్రాంతి ఎట్లా ఉంటుందో నాకు తెలిసిరాలేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చేది. ఎవరో పిలిచినట్టు లేచి ఖాళీ మంచం దగ్గరకు పోయి నిలబడేదాన్ని. అట్లా నిలబడడం కంటే మేలని వీధిలో పడి నడవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు నడక పరుగైంది. పరిగెత్తినా అలసట తగ్గలేదు గానీ, అది నేను తెచ్చుకున్న అలసట. ఒకరు పెట్టింది కాదు. ఆ తేడా నాకు బాగా తెలిసేది.

మా బడి డ్రిల్ సారు చెప్పాడు, ట్రయథ్లాన్ అని ఒకటి పెడుతున్నారని. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెనక ఒకటి, ఒకే పొద్దున. నంద్యాల చెరువులో ఈదాలి, ఒడ్డుకొచ్చి సైకిలెక్కి ఆళ్ళగడ్డ దాకా తొక్కాలి, అక్కడ దిగి అహోబిలం రోడ్డు మీద పరిగెత్తి వెనక్కి రావాలి. "లాస్టు వచ్చినా ఏం కాదు మేడమ్. వాళ్ళు పెట్టిన టైము లోపల వస్తే చాలు. మీరు గూడా రాండి" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. నలభై దాటిన లెక్కల టీచరును. మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడే మాట్లాడతాయి.

ఆ వారంలోనే మా తోడికోడలు ఫోను చేసింది.

మా ఆయనకు ఒక మేనత్త ఉంది. పెద్దత్త అంటాం. భర్త పోయాడు, పిల్లలు లేరు. మా బావకు, అంటే మా ఆయన అన్నకు, ఆళ్ళగడ్డలో బట్టల కొట్టు ఉంది. పెద్దత్త చాలా ఏళ్ళుగా వాళ్ళ ఇంట్లోనే ఉంటోంది. వానల కాలంలో స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది గానీ లేచి నడవలేకపోయింది.

"నాకు కొట్టు కాడ కూర్చోవాల, ఇంటికాడ సూడాల. నా వల్ల కాల్యా మే" అంది తోడికోడలు. "నీకైతే అలవాటే గదా. నీ చేయి పడితే బాగుంటాది పెద్దత్త. నువ్వు తీస్కపో."

నీకైతే అలవాటే గదా. ఆ మాట నన్ను కాల్చింది. మోసినవాడికి మోత అలవాటైందని ఇంకో మూట పెడతారా? కోపం వచ్చింది. అయినా నోట్లోంచి వచ్చింది మాత్రం "చూద్దాంలే అక్కా" అనే.

మా ఆయన్ను అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆయన నీ ఇష్టం అన్నాడంటే అప్పటికే ఒప్పుకున్నాడని అర్థం. ఫలానా ఆదివారం ఆళ్ళగడ్డలో భోజనానికి కలిసి తేల్చుకుందామన్నారు. చూస్తే అదే ఆదివారం ట్రయథ్లాన్. మర్నాడే డ్రిల్ సారుకు పేరిచ్చి, పందెం ముగించుకుని అటే భోజనానికి వస్తానని మా ఆయనకు చెప్పాను.

ఎవరికీ చెప్పలేదు గానీ మనసులో ఒక ఒప్పందం చేసుకున్నాను. టైము లోపల ముగిస్తే, పెద్దత్తను తెచ్చుకోలేనని చెప్పేస్తాను. మధ్యలో ఆగిపోతే తెచ్చుకుంటాను, ఇంక నోరెత్తను. ఇది న్యాయమైన పద్ధతి కాదని తెలుసు. కానీ ఊరికే కాదనే ధైర్యం నాకు లేదు. కాదనడానికి ఏదో ఒక అర్హత సంపాదించుకోవాలనిపించింది.

ఈత మీద నాకు కొంచెం నమ్మకం. మాది ఉయ్యాలవాడ పక్క పల్లె. చిన్నప్పుడు మా నాయన నడుముకు ఎండిన మునగ బెండ్లు కట్టి చేని బావిలోకి తోసి నేర్పించాడు. బావిలో ఈతంటే గుండ్రంగా ఈదడమే. కుడి చేతి పక్క గోడ పెట్టుకుని తిరుగుతూనే ఉంటాం. నాకు అదే ఈత. ఆ పొద్దున చెరువులో దిగాక తెలిసింది దాని సంగతి. అక్కడ గోడ ఏది? రంగు బుడగలు కట్టిన తాడు వెంట నేరుగా పోవాలి. నేను పది బారలు వేసేసరికి ఎడమకు తిరిగిపోతున్నాను. తల నీళ్ళలో ఉండగా అంతా బాగానే ఉన్నట్టుంటుంది, ఎత్తి చూస్తే తాడు ఎక్కడో ఉంటుంది.

తెప్పలో కాపలా కూర్చున్న ఆయన అరిచాడు. "యాడికి పోతాండావమ్మా? అట్లా పోతే తూము కాడ తేల్తావు! ఇట్లా రా, ఇట్లా!"

మళ్ళీ కుడికి లాక్కోవడం, మళ్ళీ ఎడమకు పోవడం. అందరూ ఒకసారి ఈదిన చెరువును నేను ఒకటిన్నర సార్లు ఈది ఉంటాను. ఒడ్డుకు వచ్చేసరికి సైకిళ్ళ దగ్గర నాది ఒక్కటే నిలబడి ఉంది. తడి చుడీదారుతోనే తలకు టోపీ పెట్టుకుని ఎక్కాను. భుజాలు అప్పటికే చచ్చుబడ్డాయి.

నంద్యాల దాటాక ఎదురుగాలి. రోడ్డుకు రెండు పక్కలా శనగ చేలు. లారీలు పక్క నుంచి పోతుంటే సైకిలు ఊగిపోతోంది. శిరివెళ్ళ దగ్గర రోడ్డు అంచు పొడవునా వడ్లు ఆరబోశారు. నాకంటే ముందు పోయినవాళ్ళ టైర్ల గుర్తులు వాటి మీద నేరుగా పడి ఉన్నాయి. నా వల్ల కాలేదు. గింజ మీద చెప్పుకాలు పెడితే వీపు పగలగొట్టే ఇంట్లో పెరిగాను. వడ్ల కుప్ప వచ్చినప్పుడల్లా దిగి, లారీలు పోయేదాకా ఆగి, సైకిలు నెట్టుకుంటూ చుట్టూ పోయి మళ్ళీ ఎక్కాను. కాపలా ఉన్న ఆడమనిషి "ఏం కాదులే, తొక్కిపోమ్మా" అంది కూడా. తలూపి దిగి నడిచాను. టైము పోతోందని తెలుసు. నా మీద నాకే విసుగు పుట్టింది.

ఆ ఎదురుగాలిలో పెద్దత్తే గుర్తొస్తూ వచ్చింది. ఆమె గయ్యాళిదైతే ఎంత బాగుండేది! కాదనడం సులువయ్యేది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఉప్పెక్కువ వేసిన పప్పును అందరికంటే ముందు తిని, బాగుందని చెప్పిన మనిషి. నాతో ఎప్పుడూ ఒక్క మాట పరుషంగా అనలేదు. అయినా ఆమెను లేపి కూర్చోబెట్టడం తలచుకుంటేనే నా నడుము ముందే పట్టేసేది. ప్రేమ లేక కాదు. ఒంట్లో ఏమీ మిగల్లేదు.

ఆళ్ళగడ్డలో సైకిలు దిగేసరికి కాళ్ళు నావి కావు. పరుగని పేరే గానీ నేను చేసింది ఈడ్చుకుంటూ పోవడం. ముందువాళ్ళు ఎప్పుడో తిరిగొచ్చేశారు. అహోబిలం రోడ్డు మీద ఎండలో నేనొక్కదాన్నే. మా సీమలో ఎండలో ఒంటరిగా ఆడమనిషి రోడ్డున పోతుంటే బండి మీద పోయేవాడు ఊరికే పోడు.

మొదట మోపెడ్ మీద ఒక పెద్దాయన ఆపాడు. "యాడికి పోవాలమ్మా? ఎక్కు, దింపుతా."

"వద్దప్పా, పరిగెత్తాల" అన్నాను.

"పరిగెత్తేదేంది, బండి ఉండాది గదా?" ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

తర్వాత మొగుడూ పెళ్ళాం బైకు ఆపారు. ఆమె పిల్లను ఒళ్ళోకి లాక్కుని, జరిగి చోటు చేసింది. ఆ తర్వాత ఒక ఆటో. వద్దంటే పక్కనే మెల్లగా నడుపుతూ వచ్చాడు. "దుడ్లు ఇయ్యాల్సిన పన్ల్యా అక్కా, ఎక్కు. ఇంట్లో ఏమన్నా గొడవా?" అన్నాడు. లోపల కూర్చున్న ముగ్గురూ దిగులుగా నన్నే చూస్తున్నారు. నవ్వు రావలసిన చోట ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో ఎక్కమ్మా, మోస్తాం అని ఇంతమంది ఎప్పుడైనా అన్నారా? అన్న రోజున ఎక్కడానికి లేదు. ఎక్కితే పందెం నుంచి తీసేస్తారు.

ఊరి మొదటి ఇళ్ళు కనిపించే చోట మా ఆయన స్కూటరు మీద ఎదురొచ్చాడు. ఇంకా రాలేదేమని వాళ్ళన్న బండి తీసుకుని వెతుక్కుంటూ వచ్చాడట. నన్ను చూసి మొహం పాలిపోయింది.

"ఎక్కు మే. సచ్చేటట్టుండావు. ఆ మలుపు కాడ దింపుతా, ఆడి నుంచి పరిగెత్తు. ఎవురూ సూసేవాళ్ళు ల్యారు."

"నేను సూస్తాండా గదా" అన్నాను.

బండి మళ్ళించాడు. కొంచెం దూరం వెనకే వచ్చాడు.

పందెం ముగిసే కాలేజీ మైదానం గేటు దగ్గర డ్రిల్ సారు రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. "రాండి మేడమ్, ఉండాది టైము, ఆగొద్దండి!" షామియానా విప్పుతున్న కూలీలు పని ఆపి చూశారు. గీత దాటాను. చివరిదాన్ని, కానీ టైము లోపలే. ఎవరో మెడలో పతకం వేశారు. నేలమీద కూలబడి ఏడ్చాను. సంతోషమా అంటే అదీ కాదు. ఇంక చెప్పేయాలి కదా అన్న భయం.

మేం పోయేసరికి బావ వాళ్ళు చర్చి నుంచి వచ్చి ఉన్నారు. గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టానో లేదో, కూర్చుంటే చెప్పలేనని నిలబడే మొదలుపెట్టాను. "అక్కా, పెద్దత్తను నేను తీస్కపోలేను. నాకు చేత కాదు. అలిసిపోయినా."

మా తోడికోడలు నా పతకం వైపు చూసింది. ఆమె కళ్ళ కింద నలుపు. ఆమె కూడా రాత్రుళ్ళు లేస్తోందని ఆ నలుపే చెబుతోంది.

"చేత కాదా? చెరువు ఈదినావు. నంద్యాల నుంచి సైకిలు తొక్కినావు. ఆడి నుంచి పరిగెత్తినావు. ఒగ ముసలామెను లేపి కూర్చోబెట్టేదానికి చేత కాదంటావా? ఎవురు నమ్మాల మే?"

ముగిస్తే కాదనే అర్హత వస్తుందనుకున్నాను. తీరా ముగించాక, నాకున్న ఒకే ఒక్క సాకును నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను. ఇంత ఒంట్లో పెట్టుకుని చేత కాదంటే ఎవరైనా ఎందుకు నమ్ముతారు? మా ఆయన, బావ గోడకు ఆనుకుని నిలబడి నేల చూస్తున్నారు. పెద్దత్త వాళ్ళ మేనత్త. మాటామాటా అనుకునేది మాత్రం మేమిద్దరం.

"చేతనైతాది అక్కా" అన్నాను. "చేయను."

అప్పుడు చూశాను, పక్క గది పరదా సగం తీసే ఉంది. లోపల మంచం మీద పెద్దత్త ఇటు తిరిగి పడుకుని ఉంది. అంతా విన్నది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఒరే" అని పిలిచింది లోపలి నుంచి, ఇద్దరు మేనల్లుళ్ళలో ఎవరినో. "అప్పటాల్నుంచి ఆయమ్మి నిలబడే ఉండాది. కూర్చునేదానికి ఏమన్నా ఏయండ్రా."

మా ఆయన కుర్చీ తెచ్చి నా వెనక వేశాడు. కూర్చున్నాను.