స్వామి మూల కింది నేల

ఆ కబురు నాకు మొదట తెచ్చింది ఎల్లమ్మ. రెండేళ్ళ కిందటి మాట. శ్రావణమాసం, రెండో శుక్రవారం, పొద్దున ఎనిమిది కావస్తోంది. నాచారంలోని మా బ్యాలే స్కూల్లో పిల్లలింకా రాలేదు. గది మూలన గోడకున్న చిన్న పీట మీద నరసింహస్వామి పటం ఉంటుంది. దీపం వెలిగించి కొబ్బరికాయ కొట్టబోతున్నాను. తుడుపు గుడ్డ పట్టుకుని ఎల్లమ్మ వెనక నిలబడింది.

"అక్కా, నీ సామి మూల సచ్చిపోయింది."

నా చెయ్యి గాల్లోనే ఆగింది. "శుక్రవారం పూట ఏం మాటలవి ఎల్లమ్మా? నోరు కడుక్కో, పో."

"సామిని అంటలేనక్కా. నేలను అంటున్న. గీడ నేల సచ్చింది."

"నేలకు ప్రాణం ఉంటుందా ఏంటి?" అని విసుక్కుని కాయ కొట్టేశాను. ఆమె కింద చిందిన కొబ్బరినీళ్ళు వంగి తుడిచి వెళ్ళిపోయింది.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం. మౌలాలి రైల్వే క్వార్టర్లలో నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు, అమ్మ కుట్టు నేర్పింది. ఇవాళ్టికీ నాకు అన్నం పెడుతున్నవి ఆ రెండే. పదకొండేళ్ళుగా ఈ స్కూల్లో ఫోను ఎత్తేది, హాజరు వేసేది, పిల్లల గౌన్లకు అతుకులేసేది, బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి పెట్టే బ్యాలే పరీక్షల ఫారాలు నింపేది నేనే. పొద్దున్నే స్వామికి దీపం పెట్టేదీ నేనే. అది ఎవరూ చెప్పిన పని కాదు.

బ్యాలే స్కూలంటే ఒక టీచరు, కొందరు పిల్లలు అనుకుంటారు చాలామంది. మా టీచరు షీలా మిస్. ఆమె కూడా మౌలాలి రైల్వే బిడ్డే, నలభై ఏళ్ళుగా ఈ నాట్యమే లోకం. క్లాసు నడిచేది పియానో మీద. వాయించే డేనియల్ గారు పియానో వంక చూడరు, పిల్లల కాళ్ళ వంక చూస్తారు. ఏ కాలు ఆలస్యమైతే ఆ కాలి కోసం ఒక రవ్వ ఆగుతారు. ఆ తర్వాత నేను. అందరికంటే ముందు వచ్చి గది తెరిచేది ఎల్లమ్మ. జవహర్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది.

ఇక నేల. మా గది ఒకప్పుడు ప్యాకింగ్ షెడ్డు, అడుగున ఉన్నది ఉత్త సిమెంటు. దాని మీద ఎగిరితే మోకాళ్ళు పోతాయి. అందుకని సిమెంటు మీద రబ్బరు ముక్కలు పరిచి, వాటి మీద చెక్క పట్టీలు, ఆపైన రెండు వరసల ప్లైవుడ్, అన్నిటి మీద నల్లటి వినైల్ షీటు వేయించారు. దీన్ని స్ప్రంగ్ ఫ్లోర్ అంటారు. పిల్ల ఎగిరి దిగినప్పుడు నేల కొంచెం లోపలికి ఒదిగి ఆ దెబ్బలో సగం తాను తీసుకుంటుంది. కంటికి కనపడదు, కాలికి తెలుస్తుంది. చెక్కకు నీళ్ళంటే శత్రువు. అందుకే ఆ గదిలోకి బకెట్ తేకూడదని షీలా మిస్ ఎల్లమ్మకు మొదటి రోజే చెప్పారు. బయట పిండిన గుడ్డతోనే తుడవాలి. ఎల్లమ్మ ఆ మాట ఒక్కరోజూ తప్పలేదు.

ఇంకో ఆచారం చెప్పాలి. గోడ పొడవునా నడుమెత్తున ఒక చెక్క కడ్డీ ఉంటుంది, దాన్ని బార్ అంటారు. పరీక్ష దగ్గరపడితే బార్ దగ్గర ఎవరి చోటు వాళ్ళదే. ఆ కడ్డీ పట్టుకుని చేసేవి అయ్యాక ఎగిరే అభ్యాసమూ ఆ చోటునే. రోజూ ఒకే చోట చూస్తేనే తప్పు కంటికి ఆనుతుందని షీలా మిస్ నమ్మకం. ఆ చోట్ల పట్టీ రాసేది నేను. ఆ ఏడాది స్వామి పటం కింది చోటు నిఖిత పేరున రాశాను. పదమూడేళ్ళ పిల్ల. తండ్రి చర్లపల్లిలో లేత్ మిషను మీద పనిచేస్తాడు, ఇల్లు మల్లాపూర్‌లో. స్వామి నీడన నిలబడితే పిల్లకు మంచి జరుగుతుందని నా మనసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

శ్రావణం వచ్చేసరికి నిఖితకు మోకాలి కింద ఎముక నొప్పి మొదలైంది. "మడమ పూర్తిగా దించట్లేదు నువ్వు" అని షీలా మిస్ రోజూ అనేవారు. పిల్ల తల ఊపేది, మళ్ళీ ఎగిరేది. ఎగిరి దిగిన ప్రతిసారీ పెదవి బిగపట్టేది. రిబ్బన్లు సరిచేసే నెపంతో పిలిచి అడిగితే, "నాకు దిగుడు రాదక్కా. అందరికీ వస్తది, నాకే వస్తలేదు" అంది.

డాక్టరు నెల రోజులు ఎగరొద్దన్నాడు. మర్నాడు వాళ్ళమ్మ స్వరూప నా టేబుల్ ముందుకు వచ్చింది.

"ఇగ సాలు అక్కా. పేరు కొట్టేయ్. పిల్లకు రాని దాన్ని పట్టుకొని గుంజుడెందుకు? కాలు ఇరగ్గొట్టుకుంటే రేపు ఎవరు జూస్తరు? మా ఆయన గూడ అదే అంటుండు."

"షీలా మిస్‌తో ఒక్క మాట..."

"మిస్సే అంటుంది గదా, సక్కగ దిగుతలేవని. సోమవారం దాక ఆగుత. గంతే."

సోమవారం పరీక్ష ఫారాలు పంపే రోజు. పేరు తీసేస్తే పోయేది ఆ పరీక్ష ఒక్కటే కాదని నాకు తెలుసు. తనకు చేతకాదు అనే నమ్మకంతో ఇంటికి పోయిన పిల్ల మళ్ళీ రాదు.

ఆ రోజు శుక్రవారం. పొద్దున కొట్టిన కాయ ప్రసాదం తీసుకుంటూ ఎల్లమ్మ అంతా విన్నది. స్వరూప గేటు దాటగానే నా చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కుపోయింది.

"చెప్పులు ఇప్పు. గీడ నడిమిట్ల మడిమెతోని గుద్దు."

గుద్దాను. నేల మెత్తగా లోపలికి పోయి తిరిగి కాలిని పైకి నెట్టింది.

"ఇప్పుడు నీ సామి మూలకు రా. గుద్దు."

గుద్దాను. రాయి. మడమ నుంచి మోకాలి దాకా జివ్వుమంది. ఇంకోసారి గుద్దాను. అదే రాయి.

"పోయిన వారం జెప్తె నోరు కడుక్కొమ్మన్నవ్," అంది నవ్వుతూ. "ఇరవై ఏండ్లు దిమ్మిస కొట్టిన దాన్నక్కా. ఎంత ఇంజినీరొచ్చినా నేల సంగతి నా కాలుకే ముందు ఎరుక."

దిమ్మిస అంటే ఇళ్ళ పునాదుల్లో మట్టిని కొట్టి గట్టిపరిచే బరువైన మొద్దు. నేల గట్టిపడిందా లేదా అని పాదంతో చూసి చెప్పడమే ఒకప్పుడు ఆమె బతుకుతెరువు. మా నేల గట్టిపడకూడదు. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు. రోజూ వట్టికాళ్ళతో తుడుస్తూ తనే తెలుసుకుంది.

షీలా మిస్‌కు చెప్పాను. ఆమె బూట్లు విప్పి, ఆ మూలలో ఒక్కసారి ఎగిరి దిగి, కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయారు. "ఇక్కడ నిలబెట్టి ఆ పిల్లను ఎన్నిసార్లు తిట్టాను!" అన్నారు. అంతే.

శనివారం వడ్రంగి మొయిన్ భాయ్ వచ్చాడు. నేల వేసింది ఆయనే. వినైల్ షీటు చుట్టి, ప్లైవుడ్ ఎత్తాడు. పుల్లని వాసన గుప్పుమంది. చెక్క పట్టీ ఉబ్బి, రబ్బరు ముక్కల్ని అణగదొక్కి సిమెంటుకు అతుక్కుపోయింది. చీమలు బారులు కట్టాయి.

"పానీ ఎక్కడికెల్లి వచ్చింది?" అని మొయిన్ భాయ్ పైకప్పు చూశాడు, గోడ చూశాడు. "లీకు లేదు, పైపు లేదు. ఎల్లమ్మా, బకెట్ తెచ్చినవా?"

ఎల్లమ్మ నా వంక చూడలేదు. తల దించుకుని కొంగు సర్దుకుంది.

అప్పుడు నాకు అర్థమైంది. నేల వేసి ఆరేళ్ళు. ప్రతి శుక్రవారం కాయ. కాయ కొట్టగానే సగం నీళ్ళు గ్లాసులో పడేవి, సగం గోడ అంచునున్న సందులోకి జారేవి. పైన తుడిస్తే పోయిందనుకున్నాను.

"ఆమె కాదు భాయ్, నేను. కొబ్బరినీళ్ళు," అన్నాను.

షీలా మిస్ పటం వంక, నా వంక, చీమల వంక చూశారు.

"అయితే మీ స్వామి ఒక్క చుక్క కూడా తాగలేదన్నమాట. అంతా నా ఫ్లోరే తాగింది."

మొయిన్ భాయ్ ముందు నవ్వాడు. తర్వాత మిస్ నవ్వారు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. మిస్ నా భుజం మీద చెయ్యేసి, "దీపం మానకండి. కాయ మాత్రం గేటు దగ్గర కొట్టండి," అన్నారు. వేరే చోటైతే నా ఉద్యోగం పోయేది.

తర్వాత ఎల్లమ్మను అడిగాను. "నీళ్ళ వల్లేనని నీకు తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

"నేల సంగతి జెప్పిన. నీకూ సామికీ నడిమిట్ల నేనెందుకు వస్త? నువ్వే తెలుసుకుంటవనుకున్న. జర లేటైంది."

ఆదివారం మల్లాపూర్ పోయాను. స్వరూప వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నిఖిత అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. "తప్పు పిల్లది కాదు స్వరూపా, నాది. దేవుడి కింద నిలబెట్టాననుకుని చచ్చిన నేల మీద నిలబెట్టాను. నన్ను ఎంతైనా తిట్టు."

స్వరూప చాట కింద పెట్టింది. "ఏందక్కా, పూజలు జేసి మా పిల్ల కాలు ఖరాబ్ జేస్తివా?" అంది. తిట్టిందో నవ్విందో నాకిప్పటికీ తెలియదు.

నిఖిత మాత్రం లేచి నిలబడింది. "అంటే... నేను సక్కగనే దిగుతున్ననా అక్కా?"

"మిస్ నీకు అదే చెప్పమన్నారు. నీ మడమ ఎప్పుడూ సరిగ్గానే ఉందట. నేల తప్పట."

ఆ పిల్ల ముఖం నేను మరిచిపోలేను. వాళ్ళమ్మ కూడా చూసింది. "పేరు కొట్టెయ్యకు. ఇప్పుడు గాదు, వచ్చే పరీక్షకు రాయి. కాలు బాగైనంక," అని లోపలికి పోయి నాకు టీ తెచ్చింది.

ఆ నెలంతా నిఖిత కుర్చీలో కూర్చుని, పియానో వింటూ, అడుగులన్నీ చేతులతో చేసింది. బ్యాలేలో ఇది ఉన్న పద్ధతే, మార్కింగ్ అంటారు. నొప్పి తగ్గాక మొయిన్ భాయ్ కొత్తగా వేసిన నేల మీద, అదే మూలలో నిలబడింది. చోటు మార్చనా అంటే వద్దంది. తర్వాతి పరీక్ష పాసయింది. గొప్ప మార్కులేమీ కావు. కానీ ఎగరడం, దిగడం అన్న వరస పక్కన ఎగ్జామినర్ రాసిన మాట షీలా మిస్ రెండుసార్లు చదివి వినిపించారు. చప్పుడు లేని దిగుడు అని రాశారు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. పిల్లకు ఏదైనా రావట్లేదంటే ముందు తను నిలబడ్డ చోటు చూడాలి. నా భక్తి కూడా ఎవరి కాళ్ళ కిందికి జారుతోందో చూసుకోవాలి. నాకు ఇంత మెల్లగా, ఇంత దయతో బుద్ధి చెప్పినందుకు స్వామికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కాయ గేటు దగ్గర రాయి మీద కొడుతున్నాను.

ఇప్పుడు మా పనుల పట్టీలో కొత్త వరస ఒకటి చేరింది. ప్రతి సోమవారం క్లాసుకు ముందు ఎల్లమ్మ వట్టికాళ్ళతో గదంతా నడుస్తూ, అడుగడుక్కీ మడమతో గుద్దుతుంది. ఆమె తల ఊపేదాకా షీలా మిస్ కూడా లోపలికి రారు. ఏడాదికోసారి జరిగే ప్రదర్శన కాగితంలో ఆమె పేరు వేస్తామంటే ఒప్పుకోలేదు. "నాకు సదువు రాదు. నా పేరును నేనే గుర్తుపట్టకపోతే మంచిగుంటదా?" అంది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఎప్పుడైనా ఏ వేదిక మీదైనా ఒక పిల్ల ఎగిరి చప్పుడు లేకుండా దిగితే, చప్పట్లు కొట్టే ముందు ఒక్క క్షణం మా ఎల్లమ్మను తలచుకోండి.