ఏడోసారి చెప్పవలసిన మాట

మా సంఘంలో పురాణం అనే మాటను ఎదుటివారి కథలకు మాత్రమే వాడేవారు. వానల కోసం ఊరి చావడి దగ్గర చదివించేది పురాణం. ఆదివారం మా ప్రార్థన గుడిలో వినిపించేది చరిత్ర. ఆ రెండింటి నడుమ గీత గీసినవారెవరని చిన్నప్పుడు నేను అడగలేదు. కళాశాలకు వెళ్ళాక అడగడం తప్ప మరో పని చేయలేదు. పురాణగాథల ఆసరా లేకుండానే క్రైస్తవ విశ్వాసం నిలబడగలదన్న పక్షాన చర్చావేదికపై మాట్లాడి గెలిచాను. ఆదిలోని తోటను, జలప్రళయాన్ని, ప్రవక్తను మింగిన చేపను తీసి పక్కన పెట్టినా పొరుగువాణ్ణి ప్రేమించమన్న బోధ మిగులుతుందని, మనిషికి అది చాలునని నా వాదం. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ వేడి చల్లారకముందే, వేసవి సెలవులకు, నందికొట్కూరుకు ఆరు మైళ్ళ దూరంలోని మా ఊరికి వచ్చాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు.

నేను పక్కన పెట్టిన ఆ కథలన్నీ నాకు మా అవ్వ చెప్పినవే. ఆమెకు చదువు రాదు. జలప్రళయంలో తేలిన ఓడ ఆమె చెప్పేటప్పుడు తుంగభద్ర దాటించే తోలుపుట్టి అయ్యేది. అందులో జంతువులను ఎక్కించడానికి ఒక పూట పట్టేది, ఎందుకంటే మేకలు ఎక్కి దిగి ఎక్కి దిగి సతాయించేవి. మేకల సంగతి లేఖనంలో లేదని నాకు తెలిసింది చదువు వచ్చాకనే. ఆమె ఆ కథ చెబుతుంటే తడిసిన మేకబొచ్చు వాసన వచ్చేది. ఇప్పటికీ వస్తుంది.

ఆ ఏడు మృగశిర కార్తె వట్టిగా పోయి ఆరుద్ర సగమైంది. ఎర్రచేలు దుక్కి దున్ని పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఊరి ఆడవాళ్ళు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిరుగుతూ నీళ్ళు పోయించుకున్నారు. మా వాకిట్లోకీ వచ్చారు. అవ్వ ముంతెడు నీళ్ళు తెచ్చి కప్ప మీద పోసింది. అది చూసిన మా సంఘ పెద్ద, విశ్వాసులకు ఇది తగునా అని మందలించాడు.

"కప్పకు దప్పికైతాది గదప్పా," అంది అవ్వ.

వాన కోసం మా సంఘానికీ ఒక ఆచారం ఉండేది. కరువులో ఒక ప్రవక్త కొండమీద మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని కూర్చుని, సముద్రం వైపు చూసి రమ్మని తన సేవకుణ్ణి ఏడుసార్లు పంపుతాడు. ఆరుసార్లు ఏమీ లేదని చెప్పిన సేవకుడు ఏడోసారి, మనిషి చెయ్యంత చిన్న మబ్బు లేస్తున్నదని చెబుతాడు. మావాళ్ళు ఈ కథను వినడంతో ఆగలేదు. ఆరుద్రలోనూ చినుకు పడకపోతే, ఒక ఆదివారం ఊరి తూర్పున ఉన్న గుట్ట దగ్గర సంఘమంతా ఉపవాసంతో చేరేది. అట్లాంటి ఒక్కో ఏడు ఒక్కో ఇంటి వంతు. ఆ ఇంట్లో ఒకరు ఏడుసార్లు గుట్టెక్కి, నల్లమల వైపు చూసి, దిగివచ్చి కనబడినది చెప్పాలి. మాలో సముద్రం చూసినవారెవరూ లేరు. నల్లమలకు ఆవల అది ఉందని మాత్రం నమ్మకం. ఏడోసారి, మబ్బు లేస్తున్నదన్న సేవకుడి మాట చెప్పగానే కొర్రగంజి కుండ మూత తీసేవారు. ఆ మాట వినేదాకా ఎవరూ మంచినీళ్ళైనా ముట్టరు.

పదేళ్ళప్పుడు, ఏడోసారి దిగివచ్చినవాడి మాట విని నేనూ ఆకాశమంతా వెతికాను. నాకేమీ కనబడలేదు. నా కళ్ళలోనే ఏదో దోషముందని చాలా రోజులు బెంగపడ్డాను.

ఆ ఏడు వంతు మా ఇంటిది. నాయిన కాలికి నారికురుపు లేచి అడుగు వేయలేని స్థితి. కనుక ఎక్కవలసింది నేను. ఎక్కడానికి నాకు అభ్యంతరం లేకపోయింది. ఎక్కి చూసి, చూసింది చెప్పడం నా సిద్ధాంతానికి విరుద్ధం కాదు.

అవ్వ అప్పటికే మూడు రోజులుగా నీళ్ళ మీద ఉంది. ఆ ఆదివారం తెల్లవారినప్పటి నుంచి అవీ మానేసింది. డెబ్బై దాటిన మనిషి గుట్ట కింద బండ మీద, ఆ ప్రవక్తలాగే మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని కూర్చుంది. పక్కన మా వీధి దూదేకుల సాయిబు. ఆయన మా మతం కాదు. అవ్వను అక్కా అని పిలుస్తాడు గనుక ప్రతిసారీ వచ్చి కూర్చునేవాడు.

"మా నమాజూ అయిపాయె, ఊరోళ్ళ కప్పా అయిపాయె. ఇంగ మీ గుట్టే మిగిలింది. ఎక్కు నాయినా," అన్నాడు నాతో.

ఆరుసార్లు ఎక్కి దిగాను. దిగిన ప్రతిసారీ సంఘ పెద్ద, "ఏం కనపడిందప్పా?" అని అడగడం, నేను "ఏమీ లేదు" అనడం, "మళ్ళా పో" అనడం. ఏడోసారి దిగుతుంటే అందరూ నా వైపు తిరిగారు. ఒకామె గంజికుండ మూత మీద చెయ్యి వేసి సిద్ధంగా ఉంది.

"ఏమీ లేదు," అన్నాను.

సంఘ పెద్ద నా ముఖంలోకి చూశాడు. "ఏమప్పా, ఇది ఏడోసారి. తప్పు లెక్క పెట్టినావా?"

"లెక్క తప్పలేదు. ఆకాశం కడిగిన కంచంలా ఉంది. సత్యస్వరూపుడైన దేవుణ్ణి ఆరాధిస్తున్నామని చెప్పుకునే మనం, ఆయన ముందు నిలబడి, లేనిదాన్ని ఉందని పలకడం ఆరాధన ఎట్లవుతుంది? మీలో ఎవరైనా ఏనాడైనా ఇక్కడ మబ్బు చూశారా?"

గంజికుండ దగ్గరామె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఓరి నీ సదువు! మబ్బు తెమ్మంటే ఉపన్యాసం తెచ్చినాడే," అన్నాడు సాయిబు.

అవ్వ తల ఎత్తింది. "వాడు లేదంటే లేదే. మళ్ళా పోయి సూడు నాయినా."

"ఎనిమిదో తూరి లేఖనంలో లేదమ్మా," అన్నాడు సంఘ పెద్ద.

"లేకుంటే లేకపాయె. నేను కూకుంటా."

ఎనిమిదోసారి ఎక్కాను. తొమ్మిదోసారి ఎక్కాను. ఎండ నడినెత్తికి వచ్చింది. పసిపిల్లలకు తల్లులు చాటుగా గంజి పోశారు. పెద్దలలో కొందరు గొణుక్కుంటూనే ముంతలు అందుకున్నారు. అవ్వ మాత్రం కదలలేదు. తొమ్మిదోసారి దిగివచ్చేసరికి ఆమె పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే బండలాగే కాలుతోంది. నాకు భయం వేసింది.

"తాగవ్వా. మొండికేసింది నేను గదా, నీకెందుకు ఈ శిచ్చ?"

"ఆ మాట రాందే ఎట్ల తాగుదు? ఇది మొదులు పెట్టిందెవరనుకుంటాండావు?" ఆమె గొంతు జీరపోయి ఉంది. నేను దగ్గరికి వంగాను. "పెద్దకరువులో, నేను ఇంతుంటి. మా నాయిన, మాయమ్మ, అందరూ ఈడనే, ఈ బండకాడ పడుకోనుండిరి. లేసే ఆశ లేదు. వాక్యం సెప్పే ఉపదేశయ్య ఈ కత సెప్పి, ఎవురన్నా ఎక్కి సూడండనె. కాళ్ళు ఆడేది నాకొక్కదానికే. ఏడు తూర్లు ఎక్కినా."

"మబ్బు కనపడిందా?"

"యాడిది! నిప్పులు తప్ప ఏముండె?"

"మరేం చెప్పినావు?"

"అరసెయ్యంత మబ్బు లేస్తాందని సెప్పినా. మా నాయిన మోచెయ్యి ఆనిచ్చి లేసి కూకున్యాడు. మాయమ్మ నీళ్ళడిగె. ఆ పొద్దే నడిసి సర్కారోళ్ళు గంజి పోసే తావుకు పోతిమి. లేకుంటే నువ్వు యాడుంటివి?"

"అబద్ధం చెప్పినాననిపించలేదా?"

"శానా దినాలు అనిపించె. ఉపదేశయ్యకు సెప్పుకొని ఏడిస్తి కూడా. తర్వాత్తర్వాత తెలిసె. వాళ్ళు నన్ను ఆకాశం సంగతి అడగలా. లేసేదా, పడుకోనుండేదా అని అడిగినారు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నీకు అబద్ధమనిపిస్తే సెప్పద్దు. నీ నోట అబద్ధం వినాలని నేను ఉపాసముండలా."

బతిమాలి ఉంటే ఎదిరించేవాణ్ణి. ఆమె నన్ను నా సత్యానికే వదిలేసింది.

పదోసారి ఎక్కాను. ఆ ఎక్కడంలో నా పాత వాదం ఒక్కొక్క మెట్టే నా కింద కదిలింది. కథలు తీసేస్తే బోధ మిగులుతుందన్నాను. ఆ బండ మీద పడి ఉన్నవారికి ఏ బోధ చేసి ఉంటే లేచేవారు? ఓర్చుకోమనా? పొరుగువాణ్ణి ప్రేమించమనా? ఆ కథ వారికి ఏదీ రుజువు చేయలేదు; ఎప్పుడో ఒక కరువులో ఎదురుచూసినవారి పక్కన వారికి చోటు చూపించింది. ఇది గ్రహించినా నా రెండో వాదం చెక్కుచెదరలేదు: నేను చూడలేదు, చూశానని చెప్పలేను. నల్లమల వైపు చాలాసేపు చూశాను. ఒక్క మబ్బైనా లేదు.

దిగివచ్చి, అందరికీ వినబడేలా చెప్పాను. "నా కంటికి మబ్బు కనబడలేదు. కనబడిందని నేను చెప్పను. అయినా ఆ సేవకుడి మాట ఈ ఏడు నా వంతుకు వచ్చింది గనుక చెబుతున్నాను." అంతవరకే నా కళాశాల భాష సాగింది. మిగిలింది అవ్వ మాటల్లోనే వచ్చింది: "సముద్రం తట్టు అరసెయ్యంత మబ్బు లేస్తాంది."

సాయిబు గడ్డం గోక్కున్నాడు. "రెండు మాటలు సెప్పినాడే. దేనికి తాగల్ల గంజి?"

"రెండిటికీ. పోయండి," అంది అవ్వ.

ముంత ఆమె చేతిలో నిలవలేదు. నేను పట్టుకున్నాను. మొదటి గుక్క గొంతులోకి దిగుతుంటే ఆమె మెడ నరాలు కదలడం చూశాను. ఆ తరువాత నేను ఎన్ని వేదికలెక్కినా, ఎన్ని చప్పట్లు విన్నా, అంత తేలికపడ్డ క్షణం మరొకటి రాలేదు.

వాన ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. శ్రావణంలో ఒక్క పదును వాన పడింది. కొర్ర చల్లుకోవడానికి చాలింది. రెండేళ్ళకు అవ్వ పోయింది. నేను బద్వేలులో బడిపంతులుగా చేరాను.

చాలా ఏళ్ళు గడిచాక, ఈ ఏడు ఆరుద్రలో ఊరికి వెళ్ళాను. వంతు వేరొక ఇంటిది; ఎక్కింది కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. ఏడోసారి దిగివచ్చి, కొంగుతో ముఖం తుడుచుకొని, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది: "నా కంటికి మబ్బు కనపడలా. కనపడిందని నేను సెప్పను. అయినా సేవకుడి మాట నా వంతుకు వచ్చింది గనుక సెప్తాండా..."

నేను నిర్ఘాంతపోయాను. ఆ మాటలు ఎవరు నేర్పారని తరువాత ఆమెను అడిగాను.

"ఎవురు నేర్పేదన్నా? మొదట్నుంచీ ఇంతే గదా. ప్రవక్త కాడ సేవకుడు గూడా ఇట్లనే సెప్పినాడంట."

కాదమ్మా అని సరిదిద్దడానికి నోరు తెరిచాను. లేఖనంలో ఆ మాట లేదని, అది ఫలానా ఏడు ఒక మొండివాడు కల్పించినదని నిరూపించడానికి సాక్షులు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆమె మాత్రం నా జవాబు కోసం ఆగలేదు. వెనకనుంచి అత్త పిలిస్తే, అందరికీ ముంతలు అందించడానికి వెళ్ళింది. నేనూ వెళ్ళి వరుసలో కూర్చున్నాను.