బాపు దాటలేని రోడ్డు

సైకిల్ ఎక్కడం మానేశాక కూడా మా బాపు సైకిల్ లేకుండా ఇల్లు కదిలేవాడు కాదు. నల్లగొండ ఫ్లోరైడ్ బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి ఆయన ఎముకలు బిగుసుకుపోయాయి. మోకాళ్ళు వంగవు, నడుము నిలవదు. కృష్ణా నీళ్ళు మా నల్లాలోకి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. చేతికర్ర పట్టుకోవడం ఆయనకు నామోషీ. అందుకని హ్యాండిల్ మీద రెండు చేతులూ మోపి, ఒంటి బరువంతా దాని మీదే వేసి, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవాడు. తెలియనివాళ్ళు పంక్చరైన సైకిల్ తోసుకుపోతున్నాడనుకునేవారు.

పోయేది ఒక్కచోటికే. మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, సైకిళ్ళు బాగుచేసే చాచా దుకాణం. బాపు బడిలో అటెండరుగా చేరిన కొత్తలో మొదలైన స్నేహం వాళ్ళది. చాచాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. రోజూ పొద్దున బాపు వెళ్ళి పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా పైకి చదివేవాడు. చాచా పాత ట్యూబుకు ఆకురాయి రుద్దుకుంటూ వినేవాడు. మధ్యలో ఇద్దరూ గట్టిగా వాదించుకునేవారు. అది మా ఇంట్లోకి వినపడేది.

తెలంగాణ వచ్చి, జిల్లాలు చిన్నవయ్యాక మా ఊరు ఒక్కసారిగా పెరిగింది. భువనగిరి వైపు పోయే మా రోడ్డును వెడల్పు చేసి, మధ్యలో డివైడర్, రెండు పక్కలా ఫుట్‌పాత్ కట్టాలని పని మొదలైంది. ఆ పని పట్టిన కాంట్రాక్టరు దగ్గర నేను సూపర్‌వైజర్ని. రోడ్డు వెడల్పుకు అడ్డమొచ్చిన చాచా దుకాణం డబ్బా తీయించింది కూడా నేనే. ఆయన సామాన్లు వెనకున్న తన ఇంటి అరుగు మీదికి మార్చుకున్నాడు.

డివైడర్‌కు సున్నం గీత కొడుతున్న రోజు బాపు సైకిల్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"గీడ జర తొవ్వ ఇడువరాదురా?"

"డ్రాయింగుల లేదు బాపూ. పైన యూటర్న్ కాడ ఇస్తున్నరు."

"గంత దూరం నేనేడ పోత? నా ఒక్కనికే గాదు. దవాఖానకు పోయెటోళ్ళు, బడి పిల్లలు అందరు గీన్నే దాటుతరు."

"సరే, ఇంజనీరు సారును అడుగుత."

అడగలేదు. ఇంటి ముందు పని కాబట్టి సొంతానికి అడుగుతున్నానని అనుకుంటారేమోనని ఒక రోజు ఆగాను. ఆ తర్వాత కాంక్రీటు హడావిడిలో పడిపోయాను. వాళ్ళు ఒప్పుకోలేదనుకుని బాపు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

డివైడర్ లేచిన వారానికి బాపు దాని మీదుగా సైకిల్ ఎత్తబోయాడట. ముందు చక్రం లేవలేదు. లారీలు హారన్లు కొడుతుంటే ఎవరో చేయి పట్టుకుని ఇంటికి తెచ్చి దింపారు. నా బండి మీద కూర్చోబెడదామంటే కాలు మడత పడదు. ఆటోలో రెండుసార్లు తీసుకెళ్ళాను. మూడోసారి రానన్నాడు. "ఎదురింటికి పోనీకె ఆటోనా? నవ్వుతరు," అన్నాడు. పేపరు ఫోన్లోనే చాచాకు చదివి వినిపించమంటే, "ఫోన్ల ముచ్చటేం ముచ్చట," అన్నాడు. పొద్దున పూట ఇద్దరూ చెరో వైపు కూర్చుని చేతులు ఊపుకునేవారు. మధ్యలో బస్సు అడ్డమొస్తే అది పోయేదాకా చూసి మళ్ళీ ఊపేవారు.

ఆ చలికాలంలో చాచా పోయాడు. నేనప్పుడు తిరుమలగిరి దగ్గర వేరే పని మీదున్నాను. బాపు ఫోన్ చేశాడు.

"మీ చాచా పోయిండురా. నమాజ్ కాంగనే జనాజా లేపుతరంట."

"నేనొస్తున్న. నువ్వు ఆగు బాపూ, ఆటో తోలిస్త."

ఆయన ఆగలేదు. సైకిల్ తీసుకుని యూటర్న్ వైపు బయలుదేరాడు. మేం వేసిన ఫుట్‌పాత్ మీద దుకాణాల బోర్డులు, నిలబెట్టిన మోటారు సైకిళ్ళు. దాని మీద దారి లేక రోడ్డు అంచున, బండ్లకు ఒదుగుతూ నడిచాడు. నేను పంపిన ఆటోవాడు ఇంటి దగ్గర వెతికి, ఎవరూ లేరని వెళ్ళిపోయాడు.

నేను వచ్చేసరికి బాపు చాచా ఇంటి అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. జనాజా ఎప్పుడో ఖననానికి కదిలి వెళ్ళిపోయింది. ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి.

లోపలి నుంచి చాచీ వచ్చి నాతో అంది: "మీ బాపు వస్తుండు, జర ఆగుండ్రని నేను జెప్పిన బిడ్డా. వాళ్ళు ఆగినరు గూడ. ఇగ టైమైతాందని లేపిండ్రు."

బాపు నా వైపు చూడలేదు. "ఆఖరుసారి మొఖం జూడలే," అన్నాడు.

మర్నాడు నేను ఇంజనీరును కలిశాను. ఆయన డ్రాయింగు తిప్పి చూసి, "ఇంత చిన్నదానికి అప్పుడే చెప్పొద్దా? దవాఖాన ఉన్నప్పుడు ఎట్లాగూ ఇవ్వాల్సిందే," అన్నాడు. ఆ నెలలోనే డివైడర్ కోసి దారి ఇచ్చారు. తెల్ల చారలు గీశారు, సైకిళ్ళు, చక్రాల కుర్చీలు ఎక్కేలా ఫుట్‌పాత్‌కు వాలు కట్టారు. ఆ పని నేను దగ్గరుండి చేయించాను.

"బాపూ, తొవ్వ తీసినం. చాచీని జూసొద్దాం దా," అన్నాను.

"మంచిగైంది. పిల్లలు దాటుతరు," అన్నాడు. లేవలేదు. తర్వాత వాకిట్లోని కుర్చీ కూడా పెరటి వైపు వేయించుకున్నాడు. పేపరు మాన్పించమన్నాడు.

ఆ తర్వాత ఏడాదిన్నర బతికాడు. అప్పట్లో నేను ఇంజనీరును అడిగినా వాళ్ళు ఒప్పుకోలేదనే ఆయన నమ్ముతున్నాడని నాకు తెలుసు. నేను అసలు అడగనే లేదు. ఆ మాట చెబుదామని ఎన్నోసార్లు పెరట్లో ఆయన పక్కన కూర్చున్నాను. చెప్పలేకపోయాను.